ఆన్ కాని కంప్యూటర్ నుంచి ఫైళ్లు బయటకు తీయడం, ఆ తరువాత దాన్ని బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ ఆన్ కావడం లేదు. నా ఫోటోలు, పత్రాలు అన్నీ పోయినట్టేనా?

చాలా సందర్భాల్లో పోవు. ఫైళ్లు ఉండేది హార్డ్‌డిస్క్‌లో గానీ, దాని బదులు చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డిలో గానీ. కంప్యూటర్ మొరాయించడానికి కారణం మాత్రం పవర్ సప్లై కావచ్చు, ర్యామ్ (తాత్కాలిక మెమరీ) కావచ్చు, మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) కావచ్చు, చెడిపోయిన ఒక విండోస్ ఫైలు కావచ్చు. వీటిలో ఏది పాడైనా డిస్క్‌లోని సమాచారం ఉన్నచోటే ఉంటుంది. డిస్కే పాడైనప్పుడు, లేదా డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (తాళం లేనిదే చదవలేని రూపంలోకి మారి) ఉండి దాని రికవరీ కీ దొరకనప్పుడు మాత్రమే ఫైళ్ల గురించి నిజంగా ఆందోళన పడాలి. ఇవి కాక మూడో ప్రమాదం ఒకటి ఉంది: తొందరపడి మనమే చేసే మరమ్మతు. ఫైళ్లు పోయాయని వచ్చేవారిలో చాలామంది వాటిని లోపం వచ్చిన రోజు కాక, ఆ మరుసటి రోజు విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ పోగొట్టుకున్నవారే.

ముందు బాగుచేయాలా, ముందు ఫైళ్లు తీసుకోవాలా?

డిస్క్‌లో మీకు కావలసినవి ఉండి, వాటికి మరోచోట నకలు లేకపోతే ముందు ఫైళ్లే తీసుకోవాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎదురు దిశలో నడుస్తాయి. ఫైళ్లు తీసుకునేటప్పుడు డిస్క్ నుంచి చదవడం తప్ప దాని మీద ఏమీ రాయకూడదు. మరమ్మతు అంటేనే డిస్క్ మీద రాయడం. స్టార్టప్ రిపేర్, చెక్‌డిస్క్ (డిస్క్‌లోని తప్పులను సరిదిద్దే విండోస్ సాధనం), రీసెట్, రీ-ఇన్‌స్టాల్ అన్నీ ఏదో ఒకటి మార్చేవే, కొన్ని తుడిచేసేవి కూడా. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ మీద వాటిలో చాలావరకు నిరపాయంగానే ముగుస్తాయి గానీ, చివరి దశలో ఉన్న డిస్క్ మీద గంటల తరబడి చెక్‌డిస్క్ నడిపితే, అది ఫైలు వ్యవస్థను (ఏ ఫైలు ఎక్కడుందో తెలిపే ఏర్పాటును) తనకు తోచినట్టు సరిదిద్దే క్రమంలో ఇంకా చదవగలిగిన ఫైళ్లను కూడా పేర్లు లేని ముక్కలుగా మార్చివేయగలదు. కాబట్టి డిస్క్ పరిస్థితి తెలిసేవరకు మరమ్మతు జోలికి పోకండి. కేబుల్ బిగించడం, ర్యామ్ తీసి పెట్టడం వంటివి డిస్క్‌ను తాకవు కనుక వాటికి ఈ నియమం వర్తించదు.

“ఆన్ కావడం లేదు” అంటే సరిగ్గా ఏమిటి? లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయి. బటన్ నొక్కితే ఫ్యాన్ గానీ లైటు గానీ కదలకపోవడం మొదటిది. ఇది కరెంటుకు సంబంధించినది. ఫ్యాన్ తిరుగుతున్నా స్క్రీన్ మీద ఏమీ రాకపోవడం రెండవది. ఇక్కడ ర్యామ్‌ను, గ్రాఫిక్స్‌ను, మదర్‌బోర్డును అనుమానించాలి. కంపెనీ లోగో వచ్చాక బూట్ పరికరం (విండోస్‌ను మొదలుపెట్టే డిస్క్) లేదన్న సందేశం రావడం మూడవది. డిస్క్ కనిపించకపోవడమో, దానిలోని బూట్ సమాచారం చెడిపోవడమో, సెట్టింగు మారిపోవడమో దీనికి కారణం. విండోస్ మొదలై మధ్యలో ఆగడం, బ్లూ స్క్రీన్ రావడం, పదే పదే రీస్టార్ట్ కావడం నాలుగవది. ఇందులో సాధారణంగా సాఫ్ట్‌వేర్ లోపమే ఉంటుంది గానీ చెడిపోతున్న డిస్క్ కూడా ఇదే వేషంలో వస్తుంది. ఏ దశలో ఆగిందో ఒక కాగితం మీద రాసుకోండి. స్క్రీన్ మీద కనిపించే సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తరువాత ఎవరి సహాయం అడిగినా వారు మొదట అడిగేది ఇదే.

బటన్ నొక్కినా ఏ చలనమూ లేదు. ఏమి చూడాలి?

చిన్న విషయాలతో మొదలుపెట్టండి. అదే సాకెట్‌లో వేరే పరికరం పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. డెస్క్‌టాప్ అయితే వెనక పవర్ సప్లై పక్కన ఉండే స్విచ్ ఆన్‌లో ఉందా, మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్‌ల కనెక్టరు, ప్రాసెసర్ దగ్గరి చిన్న కనెక్టరు పూర్తిగా దిగి ఉన్నాయా చూడండి. ల్యాప్‌టాప్ అయితే అడాప్టర్ తీసివేసి, బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే దాన్ని కూడా తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకుని, ఆపై అడాప్టర్ ఒక్కటే పెట్టి ప్రయత్నించండి. లోపల నిలిచిపోయిన విద్యుత్తు వల్ల బిగుసుకుపోయిన ల్యాప్‌టాప్‌లు ఇంత చిన్న పనితోనే లేచిన సందర్భాలు తక్కువేమీ కాదు.

పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాన్ని మార్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం పవర్ సప్లై అయితే, పాతదాని కేబుళ్లను కొత్తదానికి తగిలించకూడదు. కనెక్టరు అచ్చంగా సరిపోయినా లోపలి పిన్‌ల అమరిక కంపెనీని బట్టి మారుతుంది, ఒక్కోసారి అదే కంపెనీలో మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. ఆ తేడా వల్ల 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళితే, అంతవరకు క్షేమంగా ఉన్న డిస్క్ ఆ క్షణంలోనే కాలిపోతుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. ఇదేమిటి?

ముందుగా మానిటర్‌ను, దాని కేబుల్‌ను అనుమానించండి. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్‌లో కేబుల్‌ను మదర్‌బోర్డు సాకెట్‌కు తగిలించి, బొమ్మ రావడం లేదని బెంగపడడం మనం అనుకునే దానికన్నా మామూలు పొరపాటు. ఆ తరువాతి వంతు ర్యామ్‌ది. ప్లగ్ తీసి, కేబినెట్ లోహ భాగాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తును వదిలించుకుని, ర్యామ్‌ను బయటకు తీసి, మళ్లీ టక్కుమనేవరకు దించండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. కొన్ని మదర్‌బోర్డులు బీప్ శబ్దాలతో గానీ చిన్న లైట్లతో గానీ లోపమున్న భాగాన్ని సూచిస్తాయి. ఎన్ని బీప్‌లకు ఏమి అర్థమన్నది ఆ బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది.

ఈ స్థితిలో ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోతే, ఫైళ్ల కోసం ఈ కంప్యూటర్‌ను బతికించవలసిన అవసరమే లేదు. డిస్క్‌ను బయటకు తీసి మరో కంప్యూటర్‌కు తగిలించడం దగ్గరి దారి. దాని గురించి కింద వివరంగా ఉంది.

“నో బూటబుల్ డివైస్” అని వస్తోంది. డిస్క్ చచ్చిపోయిందా?

అంత తొందరగా నిర్ణయించకండి. యూఎస్‌బీ పోర్టులో ఏదైనా పెన్‌డ్రైవ్ మరిచిపోయి ఉంటే తీసివేసి మళ్లీ ఆన్ చేయండి. ఆపై బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి) వెళ్లి డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందో లేదో చూడండి. చాలా కంప్యూటర్లలో ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. పేరు కనిపించకపోతే కేబుల్ వదులైందన్నమాట, లేదా డిస్క్ పాడైందన్నమాట. పేరు కనిపిస్తున్నా బూట్ కాకపోతే సెట్టింగులు మారి ఉండవచ్చు.

సెట్టింగులు వాటంతట అవి ఎలా మారతాయని అడగవచ్చు. మదర్‌బోర్డు మీద రూపాయి నాణెం ఆకారంలో సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కొన్నేళ్లకు అది అయిపోతే తేదీ వెనక్కి పోవడంతో పాటు బయోస్ సెట్టింగులు కూడా మొదటి స్థితికి వెళ్లవచ్చు. అప్పుడు డిస్క్‌ను నడిపే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిందంటే, నిన్నటిదాకా పనిచేసిన విండోస్ “ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్” అన్న బ్లూ స్క్రీన్ చూపిస్తుంది. సెట్టింగు తిరిగి పెడితే అదే విండోస్ ఏమీ జరగనట్టు లేస్తుంది. తేదీ తప్పుగా ఉందా అన్నది ముందు చూడమనడం ఇందుకే. చౌకైన బ్యాటరీ లోపాన్ని డిస్క్ లోపంగా పొరబడి ఫార్మాట్ చేసుకున్నవారు ఉన్నారు.

విండోస్ మొదలవుతుంది గానీ మధ్యలో ఆగిపోతుంది. స్క్రీన్ మీద వచ్చే రిపేర్ ఆప్షన్లలో ఏవి నొక్కవచ్చు?

వరుసగా రెండుసార్లు బూట్ విఫలమైతే విండోస్ 10, 11 తమంతట తామే రికవరీ స్క్రీన్‌లోకి వెళతాయి. అక్కడున్న వాటిలో స్టార్టప్ రిపేర్ బూట్ ఫైళ్లను సరిచేస్తుంది, వ్యక్తిగత ఫైళ్లను ముట్టుకోదు. లోపం ఒక అప్‌డేట్ తరువాత మొదలైందని తెలిస్తే ఆ అప్‌డేట్‌ను తొలగించే ఆప్షన్ అక్కడే ఉంది. సిస్టం రిస్టోర్ డ్రైవర్లను, ప్రోగ్రాములను, రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగుల పట్టికను) పాత తేదీకి తీసుకుపోతుంది. ఫోటోలను, పత్రాలను తాకదు. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే పద్ధతిలో) లేస్తే అంతకన్నా కావలసింది లేదు. మరే పనీ పెట్టుకోకుండా ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

రీసెట్ దగ్గర ఆగి ఆలోచించండి. ఫైళ్లను ఉంచే పద్ధతి మీ యూజర్ ఫోల్డర్‌లోని వాటిని ఉంచి, మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములన్నిటినీ తీసివేస్తుంది. కొన్ని ప్రోగ్రాములు తమ డేటాను తమ ఫోల్డర్‌లోనే దాచుకుంటాయి కనుక, ఏళ్ల తరబడి రాసిన లెక్కలు ఆ ప్రోగ్రాముతో పాటే పోవచ్చు. అన్నీ తొలగించే పద్ధతి సంగతి దాని పేరే చెబుతోంది. నా అభిప్రాయంలో రెంటిలో దేన్నీ నకలు తీయకముందు నొక్కకూడదు.

హార్డ్‌డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తోంది.

వెంటనే ఆపివేయండి. మళ్లీ ఆన్ చేసి చూడాలన్న కోరికను అణచుకోండి.

ఆ శబ్దం చదివే హెడ్ తన స్థానాన్ని కనుక్కోలేక పదే పదే వెనక్కి పోవడం వల్ల వస్తుంది. మామూలు స్థితిలో హెడ్, సమాచారం ఉండే తిరిగే పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో మాత్రమే తేలుతూ ఉంటుంది. మనిషి తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు. అంత సన్నని సందులో హెడ్ దెబ్బతిని పళ్లేన్ని గీరితే, గీరుకున్న చోట ఉన్న సమాచారాన్ని ఏ ప్రయోగశాలా తిరిగి తేలేదు. డిస్క్ తిరిగిన ప్రతి నిమిషం ఆ నష్టం పెరుగుతుంది. ఇంట్లో డిస్క్ మూత తెరవడం, ఫ్రీజర్‌లో పెట్టడం, మెల్లగా తట్టడం వంటి చిట్కాలు తరతరాలుగా తిరుగుతున్నాయి. మూత తెరిస్తే దుమ్ము, ఫ్రీజర్‌లో పెడితే లోపల తేమ చేరుతాయి. రెండూ హెడ్‌కు శత్రువులే. అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చడం కూడా ఈ కాలపు డిస్కులకు సాధారణంగా పనిచేయదు, ఎందుకంటే ఆ ఒక్క డిస్క్‌కే చెందిన కొలతలు పాత బోర్డు మీది చిప్‌లో ఉంటాయి, వాటిని కొత్త బోర్డులోకి మార్చవలసి వస్తుంది. శబ్దం వచ్చే డిస్క్‌లో విలువైనది ఉంటే, శుభ్రమైన గది ఉన్న డేటా రికవరీ ప్రయోగశాల తప్ప వేరే దారి లేదు.

శబ్దం లేదు. అయినా డిస్క్ ఆరోగ్యంగా ఉందని ఎలా నమ్మాలి?

డిస్కులు తమ గురించి స్మార్ట్ అనే పద్ధతిలో లెక్కలు రాసుకుంటాయి. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టంలో) జీస్మార్ట్‌కంట్రోల్ వంటి ఉచిత ప్రోగ్రాములు వాటిని చూపిస్తాయి. హార్డ్‌డిస్క్‌లో మూడు అంకెలను గమనించండి: చెడిపోయి బదులు పెట్టుకున్న సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న నిల్వ భాగాల) సంఖ్య (5వ అంశం), చదవలేక తీర్పు కోసం వేచి ఉన్నవి (197), అసలు సరిచేయలేకపోయినవి (198). మూడూ సున్నా అయితే కొంత ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. 197 పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌లో కాలం తక్కువ ఉందని అర్థం. స్మార్ట్ బాగుందని చెప్పిన డిస్క్ కూడా మరునాడు పోవచ్చు. అది చెడ్డ వార్త చెబితే నమ్మండి, మంచి వార్త చెబితే సగమే నమ్మండి. ఎస్‌ఎస్‌డిలు చాలాసార్లు ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా కనిపించకుండా పోతాయి.

కంప్యూటర్‌ను విప్పకుండా ఫైళ్లు తీసుకునే మార్గం ఉందా?

బయోస్ స్క్రీన్ వరకు వస్తే ఉంది. పెన్‌డ్రైవ్ మీది నుంచే నడిచే లినక్స్‌ను, ఉదాహరణకు ఉబుంటును, మరో కంప్యూటర్‌లో తయారు చేసుకోవాలి. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. దానిలో అప్పటివరకు ఉన్నదంతా తుడిచిపోతుంది. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైలును (మొత్తం సిస్టం ఒకే ఫైలుగా ఉండేదాన్ని) దింపుకుని, రూఫస్ గానీ ఎచర్ గానీ అనే ప్రోగ్రాము వాడి పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి. ఆన్ కాని కంప్యూటర్‌కు దాన్ని తగిలించి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కండి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్ వంటి వాటిలో ఒకటి. ఇన్‌స్టాల్ చేయాలా, ముందు వాడి చూస్తారా అని అడిగినప్పుడు వాడి చూడడాన్నే ఎంచుకోండి. ఇక్కడ ఇన్‌స్టాల్ నొక్కడమంటే రక్షించడానికి వచ్చిన వారే ఇంటిని కూల్చడం.

అప్పుడు ఫైల్ మేనేజర్‌లో మీ విండోస్ డ్రైవ్ కనిపిస్తుంది. మరో బయటి డిస్క్ తగిలించి, మామూలుగా కాపీ చేసుకోవచ్చు. బయటి డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఒక్కటీ దానిలోకి ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉండాలి. సమయం గురించి ముందే అంచనా వేసుకోండి: 500 జీబీ ఫైళ్లు పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ద్వారా సెకనుకు 35 ఎంబీ వేగంతో వెళితే సుమారు 4 గంటలు పడుతుంది, అవే యూఎస్‌బీ 3.0 మీద సెకనుకు 100 ఎంబీ వేగంతో గంటన్నర లోపే పూర్తవుతాయి.

రెండు అడ్డంకులు తరచుగా ఎదురవుతాయి. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల డ్రైవ్ పూర్తిగా మూతపడని స్థితిలో ఉండి, లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. మనకు కావలసింది చదవడమే కనుక దాన్ని “సరిచేయమని” సలహా ఇచ్చే ఆదేశాల జోలికి వెళ్లకండి. రెండవది, డ్రైవ్ అసలే కనిపించకపోవడం. 11వ తరం, ఆ తరువాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగు డిస్క్‌ను దాచిపెట్టవచ్చు. బయోస్‌లో దాన్ని తాత్కాలికంగా ఆపి ఫైళ్లు తీసుకోవచ్చు గానీ, ఆ తరువాత విండోస్ లేవాలంటే మళ్లీ పూర్వ స్థితికి తేవాలి. మార్చకముందు ఆ పేజీని ఫోటో తీసుకోవడం మరిచిపోకండి.

డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు ఎలా తగిలించాలి?

యూఎస్‌బీకి మార్చే కేబుల్ లేదా చిన్న పెట్టె కావాలి, అది మీ డిస్క్ రకానికి సరిపోవాలి. 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను తగిలించే ఒక పద్ధతి) డిస్క్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టులు కావాలి కనుక, విడిగా అడాప్టర్ ఉన్న పెట్టెనే తీసుకోవాలి. ఎం.2 అనే చిన్న పట్టీ ఆకారపు ఎస్‌ఎస్‌డిల దగ్గర చాలామంది తడబడతారు: చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని సాటావి, కొన్ని ఎన్‌వీఎంఈ అనే మరో పద్ధతివి. సాధారణంగా కనెక్టరు అంచున రెండు గాట్లు ఉంటే సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. అయినా డిస్క్ మీది స్టిక్కర్ చదివి నిర్ధారించుకోవడం మేలు. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో నిల్వ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి. వాటికి ఈ దారి లేదు.

తగిలించగానే “డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి” అని అడుగుతోంది. చేయవచ్చా?

చేయకూడదు. క్యాన్సిల్ నొక్కండి. విండోస్ ఆ డిస్క్ భాషను అర్థం చేసుకోలేకపోయిందని మాత్రమే ఆ సందేశానికి అర్థం. ఫైలు వ్యవస్థ దెబ్బతిన్నా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, అది లినక్స్ లేదా మ్యాక్ డిస్క్ అయినా ఇదే మాట అడుగుతుంది.

బిట్‌లాకర్ కీ అడుగుతోంది. నేనెప్పుడూ పెట్టలేదే?

బిట్‌లాకర్ అంటే విండోస్‌లోని డిస్క్ ఎన్‌క్రిప్షన్. మీరు పెట్టకపోయినా విండోస్ పెట్టి ఉండవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన మరిన్ని కంప్యూటర్లకు ఇది విస్తరించింది. రోజూ వాడేటప్పుడు కీ మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్ నుంచి చడీచప్పుడు లేకుండా వస్తుంది కనుక మనకు దాని ఉనికే తెలియదు. బోర్డు మారినా, కొన్ని బయోస్ సెట్టింగులు మారినా, డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

ఆ కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి మరో పరికరం నుంచి లాగిన్ అయి, పరికరాల జాబితాలో రికవరీ కీల పేజీ చూడండి. స్క్రీన్ మీద కనిపించే కీ గుర్తింపు మొదటి అక్షరాలతో పోల్చి సరైనదాన్ని ఎంచుకోండి. ఇంట్లో మొదట సెటప్ చేసింది మరొకరైతే కీ వారి ఖాతాలో ఉంటుంది. ఉద్యోగం లేదా చదువుకు చెందిన ఖాతా అయితే ఆ సంస్థ ఐటీ విభాగాన్ని అడగాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో చిక్కుకున్నప్పుడు, తొలగించవలసింది ఒకే ఒక్క రకం ఫైలు అయినా, అక్కడికి చేరడానికి ఎన్నో చోట్ల ఈ 48 అంకెల కోసమే వెతుక్కోవలసి వచ్చింది. కీ ఎక్కడా దొరకకపోతే ఆ డిస్క్‌ను ఎవరూ తెరవలేరు. తెరుస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఏ ఫోల్డర్లు కాపీ చేసుకోవాలి? డెస్క్‌టాప్ ఫోల్డర్ ఖాళీగా ఉంది.

సీ డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్, దానిలో మీ పేరున్న ఫోల్డర్ మొత్తం తీసుకోండి. డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే కంగారుపడకుండా అదే చోట ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల చూడండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అక్కడికి మారిపోతాయి. ఇందులో మరో మెలిక ఉంది. వన్‌డ్రైవ్ కొన్ని ఫైళ్ల పేర్లను మాత్రమే డిస్క్‌లో ఉంచి, అసలు ఫైలును క్లౌడ్‌లో ఉంచుతుంది. అటువంటివి కాపీ కావు, అయితే పోనూ పోలేదు. బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిస్తే దొరుకుతాయి.

యాప్‌డేటా అనే దాగి ఉన్న ఫోల్డర్‌ను కూడా వదలకండి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ దానిలోనే ఉంటుంది. దాన్ని కొత్త కంప్యూటర్‌లో పెట్టుకుంటే బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డులు తిరిగి వస్తాయి. క్రోమ్ బుక్‌మార్కులు వస్తాయి గానీ పాస్‌వర్డులు రావు, ఎందుకంటే వాటి తాళం పాత విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది. అవుట్‌లుక్ వాడేవారు మెయిళ్లు ఉండే పీఎస్‌టీ ఫైలు కోసం వెతకాలి. చివరగా, సీ డ్రైవ్‌లో నేరుగా సృష్టించిన ఫోల్డర్లను, డీ డ్రైవ్‌ను ఒకసారి చూడండి. అలవాటు కొద్దీ అక్కడ పెట్టినవే తరువాత గుర్తుకొస్తాయి.

ఫోల్డర్ తెరవడానికి అనుమతి లేదంటోంది.

ఆ ఫోల్డర్ పాత విండోస్‌లోని మీ ఖాతా పేరు మీద ఉంది కనుక కొత్త విండోస్ మిమ్మల్ని పరాయివారిగా చూస్తోంది. అడ్మినిస్ట్రేటర్‌గా కొనసాగించు అన్న బటన్ నొక్కితే అనుమతి వస్తుంది, పెద్ద ఫోల్డర్ అయితే కొంత సేపు పడుతుంది. అయితే ఇది డిస్క్ మీద అనుమతులను తిరగరాయడమే కనుక, నలతగా ఉన్న డిస్క్ అయితే లినక్స్ నుంచి కాపీ చేయండి. అది ఈ అనుమతులను పట్టించుకోదు.

కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది, వేగం సున్నాకు పడిపోతోంది.

చెడిన సెక్టార్లున్న డిస్క్ ఇలాగే ప్రవర్తిస్తుంది. మామూలు కాపీ ఒక చెడ్డ చోట చిక్కుకుని అక్కడే తలబాదుకుంటూ, మిగిలిన డిస్క్ బతికున్న సమయాన్ని ఖర్చుచేస్తుంది. దీనికి తగిన సాధనం గ్నూ డీడీరెస్క్యూ. అది ఫైళ్ల గురించి ఆలోచించకుండా డిస్క్ మొత్తాన్ని సెక్టార్ సెక్టార్‌గా మరో డిస్క్‌లోకి లేదా ఒక పెద్ద ఇమేజ్ ఫైలులోకి తీస్తుంది. సులభంగా చదవగలిగిన భాగాలను మొదట తీసుకుని, కష్టమైన చోట్లను దాటవేసి, వాటి దగ్గరకు తరువాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి ఆపవలసి వచ్చినా, ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. మ్యాప్ ఫైలు ఇవ్వకుండా నడపడం ఈ సాధనం ఇచ్చే సగం ప్రయోజనాన్ని వదులుకోవడమే.

నకలు వెళ్లే డిస్క్ పరిమాణం పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. ఆదేశంలో మొదట వచ్చేది పాత డిస్క్, రెండవది కొత్తది. ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ మీ ఫైళ్ల మీద పడుతుంది. ఎంటర్ నొక్కేముందు డిస్కుల పేర్లను, పరిమాణాలను రెండుసార్లు చూసుకోవడం చాదస్తం కాదు. ఆ తరువాతి ప్రయోగాలన్నీ, చెక్‌డిస్క్‌తో సహా, నకలు మీదే చేయండి. పాత డిస్క్‌ను పక్కన పెట్టండి.

పొరపాటున ఫార్మాట్ చేశాను, లేదా విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఇంకా ఆశ ఉందా?

హార్డ్‌డిస్క్ అయి, అది క్విక్ ఫార్మాట్ అయితే చాలావరకు ఉంది, ఎందుకంటే క్విక్ ఫార్మాట్ విషయసూచికను మాత్రమే కొత్తగా రాస్తుంది. వెంటనే వాడకం ఆపండి. పార్టిషన్ (డిస్క్‌లోని ఒక విభాగం) పోతే టెస్ట్‌డిస్క్, ఫైళ్లు పోతే ఫోటోరెక్, రెండూ ఉచితమే. ఫోటోరెక్ ఫైలు రకానికి చెందిన ఆనవాళ్లను బట్టి వెతుకుతుంది కనుక పేర్లు, ఫోల్డర్లు తిరిగి రావు. వేల కొద్దీ అంకెల పేర్ల మధ్య కూర్చుని ఏరుకోవలసి ఉంటుంది. బయటకు తీసినవాటిని అదే డిస్క్‌లో ఎప్పుడూ దాచకండి.

విండోస్‌ను ఫార్మాట్ చేయకుండా పైనే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందుగా విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చూడండి. పాత యూజర్ ఫోల్డర్లు దానిలో ఉండవచ్చు. కొన్ని రోజుల తరువాత విండోస్ దాన్ని తనంతట తానే తీసివేయవచ్చు కనుక ఆలస్యం చేయకండి.

ఎస్‌ఎస్‌డి విషయంలో మాత్రం ఆశ చాలా తక్కువ. విండోస్ 7 కాలం నుంచి ఉన్న ట్రిమ్ ఆదేశం, తొలగించిన ఫైలు ఉన్న చోటు ఇక అక్కరలేదని డిస్క్‌కు చెబుతుంది, డిస్క్ ఆ చోటును లోలోపలే శుభ్రం చేసుకుంటుంది. మీరు ఏమీ రాయకపోయినా ఆ పని సాగుతుంది కనుక, కరెంటు తీసివేయడం ఒక్కటే మీ చేతిలో ఉన్నది.

ల్యాప్‌టాప్ మీద నీళ్లు పడ్డాయి.

ఆన్‌లో ఉంటే బలవంతంగా ఆపి, అడాప్టర్ తీసి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, ఆరిందని అనిపించినా ఆన్ చేయకండి. ఎస్‌ఎస్‌డి బయటకు వచ్చే రకమైతే దాన్ని తీసి, పూర్తిగా ఆరాక పైన చెప్పిన యూఎస్‌బీ పెట్టెలో పెట్టి చదవండి. బోర్డు పోయినా అది తరచుగా క్షేమంగానే ఉంటుంది.

మ్యాక్‌కు కూడా ఇదే పద్ధతా?

పాత మ్యాక్‌లకు దాదాపు ఇంతే. టీ2 అనే భద్రతా చిప్ ఉన్న వాటిలో, 2020 నుంచి వచ్చిన యాపిల్ సిలికాన్ (యాపిల్ సొంత ప్రాసెసర్ ఉన్న) మ్యాక్‌లలో నిల్వ ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, తాళం ఆ చిప్ లోపలే ఉంటుంది; కాబట్టి నిల్వను వేరు చేసి చదవడం కుదరదు, ఆ బోర్డే లేవాలి. రికవరీ వరకు లేస్తే యాపిల్ సిలికాన్‌లో షేర్ డిస్క్ ద్వారా, ఇంటెల్ మ్యాక్‌లో టీ మీట నొక్కి పట్టుకుని టార్గెట్ డిస్క్ మోడ్ ద్వారా మరో మ్యాక్‌కు ఫైళ్లు పంపవచ్చు.

ఫైళ్లు చేతికి వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్‌ను ఎలా బాగుచేయాలి?

డిస్క్ స్మార్ట్ లెక్కలు చెడ్డగా ఉంటే దాన్ని మార్చండి. దాని మీద విండోస్‌ను మళ్లీ ఎక్కించడం కొద్ది వారాల పనికి ఒక పూట శ్రమ వృథా చేసుకోవడమే. డిస్క్ బాగుంటే ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో కనీసం ఒక రాత్రి పరీక్షించండి, ఎందుకంటే చెడ్డ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో కొత్త విండోస్ కూడా పాతదానిలాగే చెడుతుంది. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్ పనికిరాదు.

ఆ తరువాత మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి, శుభ్రంగా ఇన్‌స్టాల్ చేయండి. వీఎండీ ఉన్న ఇంటెల్ కంప్యూటర్లలో ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనిపించకపోతే, తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కడే ఎక్కించాలి. పూర్వం అదే కంప్యూటర్‌లో యాక్టివేట్ అయి ఉంటే, మదర్‌బోర్డు మారనంతవరకు, ఇంటర్నెట్ తగలగానే మళ్లీ యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, ఎలాగూ మొదటి నుంచి ఎక్కిస్తున్నప్పుడు కంప్యూటర్ అంగీకరిస్తే విండోస్ 11నే ఎంచుకోండి.

రిపేర్‌కు ఇవ్వవలసి వస్తే ఏమి చెప్పాలి?

ఫైళ్లు కావాలా, కంప్యూటర్ ఒక్కటే కావాలా అన్నది మొదటి మాటగా చెప్పి, రసీదు మీద రాయించండి. “ఫార్మాట్ చేయకూడదు” అన్న రెండు మాటలు కాగితం మీద లేకపోవడం వల్ల పోయిన ఫోటోలు ఎన్నో. వీలైతే డిస్క్‌ను మీరే తీసి ఇంట్లో ఉంచుకుని కంప్యూటర్‌ను మాత్రమే ఇవ్వండి. డేటా రికవరీ ప్రయోగశాలకు పంపేటట్టయితే, అంతకుముందు ఏయే ప్రోగ్రాములు నడిపారో దాచకుండా చెప్పండి. పరీక్షకు ఎంత, ఫైళ్లు రాకపోతే ఎంత, పాత డిస్క్ తిరిగి ఇస్తారా అన్నవి ముందే అడగండి.

తీసుకున్న నకలు సరిగ్గా ఉందని తేల్చుకున్నాకే పాత డిస్క్‌ను తుడవాలి కదా, ఎలా తేల్చుకోవాలి?

ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రెండు వైపులా ఫైళ్ల సంఖ్యను, మొత్తం పరిమాణాన్ని పోల్చండి. అవి కలిసినంత మాత్రాన చాలదు. చెడ్డ డిస్క్ నుంచి వచ్చిన ఫైలు పరిమాణం సరిగ్గా ఉండి లోపల సున్నాలే ఉండవచ్చు. అందువల్ల ఫోటోల ఫోల్డర్లలో థంబ్‌నెయిల్స్ అన్నీ వస్తున్నాయా అని చివరి వరకు జరిపి చూడండి, వీడియోలను మధ్యలోకి, చివరికి జరిపి ఆడించండి, పత్రాలలో పెద్దవాటిని తెరవండి. ఇంట్లో మిగిలినవారిని కూడా తమ ఫైళ్లు తాము చూసుకోమనండి. మీకు తెలియని ఫోల్డర్ ఏదో వారికి ప్రాణం కావచ్చు. పాత డిస్క్‌ను తుడవకుండా మరో రెండు, మూడు నెలలు అలమరలో ఉంచండి. అప్పటికీ ఎవరూ ఏదీ అడగకపోతే, హార్డ్‌డిస్క్ అయితే మొత్తం ఒకసారి తిరగరాసి, ఎస్‌ఎస్‌డి అయితే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడి, అప్పుడు వదిలించుకోండి.